క్లచ్‌లో ఎయిర్ తీయడం: ఇంట్లోనా, గ్యారేజీలోనా? ఇంట్లో అయితే ఏ పద్ధతిలో?

ఆఫీసు టైములో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా కారు నడిపేవాళ్లకి క్లచ్ తేడా ముందు పాదానికే తెలుస్తుంది. నిన్నటిదాకా సగంలో అందుకున్న క్లచ్ ఇవాళ అడుగుకి దగ్గరగా అందుకుంటుంది. రివర్స్ వేయబోతే గర్రుమంటుంది. సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేరు పడదు, పెడల్ రెండుసార్లు టకటకా కొడితే అప్పుడు పడుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, "ఎయిర్ పట్టింది సార్, తీస్తే సరిపోద్ది" అంటాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద స్పీడులో పోతున్నప్పుడు ఈ రోగం బయటపడదు. అక్కడ క్లచ్‌తో పనే తక్కువ. ఊళ్లోకి దిగాకే అసలు కష్టం.

ఎయిర్ తీయడానికి ఐదు దార్లున్నాయి. అన్నీ పనిచేసేవే, కానీ అన్నీ అన్ని కార్లకీ పనికిరావు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. క్లచ్‌ని విడదీసే లోయర్ సిలిండర్ గేర్‌బాక్స్ బయట కనిపించే కారైతే మొదట ఇద్దరు మనుషుల పద్ధతి చేయండి. దానితో కుదరకపోతే కింది నుంచి సిరంజితో ఆయిల్ ఎక్కించండి. వాక్యూమ్ పంపు మీద డబ్బు పెట్టొద్దు. లోయర్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల ఉండి, ఆయిల్ కూడా తగ్గుతూ ఉంటే ఇంటి దగ్గర ఏ పద్ధతీ వద్దు, నేరుగా గ్యారేజీకే. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు అది ఎయిరేనా?

మారుతి ఆల్టో లాంటి చిన్న కార్లలో క్లచ్‌కి ఉండేది కేబుల్. అందులో ఆయిలూ లేదు, ఎయిరూ లేదు. బానెట్ ఎత్తి చూడండి. పెడల్ ఉన్న వైపు నుంచి నల్లటి తొడుగులో ఒక తీగ గేర్‌బాక్స్ మీది ఆర్మ్‌కి వెళ్తుంటే అది కేబుల్ కారు. తీగకి బదులు సన్నటి ఇనప పైపు, దాని చివర రబ్బరు హోస్ ఉంటే హైడ్రాలిక్. ఇన్నోవా, బొలెరో, ఫోర్డ్ ఫిగో హైడ్రాలిక్‌వి.

హైడ్రాలిక్‌లో పని ఇలా జరుగుతుంది. పెడల్ తొక్కితే పైన ఉన్న అప్పర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ని నెడుతుంది. ఆ ఆయిల్ పైపులోంచి వెళ్లి కింద ఉన్న లోయర్ సిలిండర్ పిస్టన్‌ని కదుపుతుంది. ఆ పిస్టన్ క్లచ్‌ని విడదీస్తుంది. ఒక్కసారి నిండుగా తొక్కితే కదిలే ఆయిల్ చాలా కార్లలో ఆరేడు మిల్లీలీటర్లకి మించదు. టీస్పూను కన్నా కొంచెం ఎక్కువ, అంతే. అందులో రెండు మిల్లీలీటర్ల గాలి చేరిందనుకోండి. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. పెడల్ ప్రయాణంలో దాదాపు మూడో వంతు ఆ గాలిని నొక్కడానికే ఖర్చయిపోతుంది. మిగిలిన దానితో క్లచ్ పూర్తిగా విడదు, గేరు గర్రుమంటుంది. బ్రేకులో కాస్త గాలి ఉంటే పెడల్ మెత్తబడినా బండి ఆగుతుంది. క్లచ్‌లో అంతే గాలి ఉంటే గేరే పడదు. అందుకే క్లచ్‌కి చివరి బుడగ దాకా తీయాలి.

గాలి ఉంటే కనిపించే లక్షణం ఒకటుంది. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటుంది, వెంటవెంటనే రెండు మూడు సార్లు కొడితే గట్టిపడుతుంది, గేరు పడుతుంది. ఇలా కాకుండా ఇంజన్ రేస్ అవుతూ బండి వేగం అందుకోకపోతే, క్లచ్ బాగా పైన పట్టుకుంటుంటే అది ప్లేట్ అరిగిన రోగం. ఎయిర్ తీసినా, కొత్త ఆయిల్ పోసినా అది తగ్గదు.

ఇంకో పరీక్ష తప్పకుండా చేయండి. చదునైన ఖాళీ చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, ఇంజన్ ఆన్‌లో ఉంచి క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేయండి. చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీదే ఉండాలి. పెడల్ అలాగే తొక్కిపట్టి ఒక నిమిషం ఉండండి. మొదట కదలకుండా ఉన్న బండి కాసేపటికి మెల్లగా ముందుకు పాకడం మొదలుపెడితే అప్పర్ సిలిండర్ లోపలి రబ్బరు సీలు పోయిందని అర్థం. ఆయిల్ బయటకి రాదు, లోపల్లోపలే వెనక్కి జారిపోతుంది. దీనికి ఎన్నిసార్లు ఎయిర్ తీసినా ఫలితం ఉండదు. అప్పర్ కిట్టో (లోపలి రబ్బరు సీళ్ల సెట్టు), మొత్తం సిలిండరో మార్చాల్సిందే.

ఇంతకీ గాలి ఎలా దూరింది? సీల్ చేసి ఉన్న సిస్టమ్‌లోకి గాలి ఊరికే రాదు. ఈ మధ్య సిలిండరో హోసో మార్చి ఉంటే, బానెట్ కింద ఆయిల్ నిల్వ ఉండే డబ్బాలో లెవల్ బాగా తగ్గనిచ్చి ఉంటే సరే, కారణం దొరికింది. ఏదీ కాకపోతే ఎక్కడో లీకుంది. డ్రైవర్ పాదాల దగ్గర కార్పెట్ ఎత్తి, పెడల్ రాడ్ గోడలోకి వెళ్లే చోట వేలితో తడిమి చూడండి. జిడ్డు తగిలితే అప్పర్ లీకు. లోయర్ సిలిండర్ మీద రబ్బరు బూటు ఉంటుంది, దాని అంచు కాస్త ఎత్తి చూడండి. లోపల ఆయిల్ ఉంటే లోయర్ లీకు. లీకు అలాగే ఉంచి ఎయిర్ తీస్తే ఆ రోజుకి క్లచ్ బాగానే ఉంటుంది, మళ్లీ కొద్ది రోజుల్లోనే మొదటికొస్తుంది.

చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ కలిపి ఒకటే డబ్బా. క్లచ్‌కి వెళ్లే గొట్టం ఆ డబ్బాకి కాస్త పైభాగంలో తగిలించి ఉంటుంది. క్లచ్ వైపు లీకైనా బ్రేకులకి ఆయిల్ మిగలాలని అలా పెట్టారు. అందువల్ల లెవల్ తగ్గితే మొదట గాలి పట్టేది క్లచ్‌కే. బ్రేక్ ప్యాడ్లు అరిగినా లెవల్ దిగుతుంది కాబట్టి, లీకు కనపడకపోతే ప్యాడ్లు కూడా చూడండి.

లోయర్ ఎక్కడుందో దాన్ని బట్టే నిర్ణయం

ఇన్నోవా లాంటి బండికి లోయర్ సిలిండర్ గేర్‌బాక్స్ పక్కన బయటే బోల్టులతో బిగించి ఉంటుంది. గాలి వదలడానికి ఉండే చిన్న మర, అంటే నిపుల్, కనిపిస్తుంది, పానా పడుతుంది, అవసరమైతే సిలిండర్‌నే విప్పి చేతిలోకి తీసుకోవచ్చు. ఇలాంటి కారుకి ఇంటి దగ్గర పని హాయిగా అవుతుంది.

ఫిగో లాంటి వాటిలో సిలిండర్ గేర్‌బాక్స్ లోపల, షాఫ్ట్ చుట్టూ, క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్‌తో కలిసి ఉంటుంది. బయటికి కనిపించేది పైపు చివర, నిపుల్ మాత్రమే. దీనికీ ఎయిర్ తీయొచ్చు, కష్టమేమీ కాదు. అయితే ఆ సిలిండరే లీకవుతుంటే గేర్‌బాక్స్ దించితే తప్ప దాన్ని చూడను కూడా చూడలేం. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట కింద తడిగా ఉందేమో చూడండి. అది ఇంజన్ ఆయిల్ కాకుండా పల్చగా ఉంటే, దానితోపాటు డబ్బాలో లెవల్ కూడా దిగుతుంటే లోపలి సిలిండర్ పోయినట్టే. ఆయిల్ క్లచ్ ప్లేట్ మీద కూడా పడుతుంది, ప్లేట్ జారుతుంది. ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, సిలిండర్ మూడూ ఒకేసారి మార్పించండి. ఒక్క సిలిండర్ మార్చి పాత ప్లేటు పెట్టించుకుంటే, ప్లేటు అరిగినప్పుడు గేర్‌బాక్స్ దించే కూలీ మళ్లీ కట్టాలి.

ఇద్దరు మనుషుల పద్ధతి

చాలామందికి తెలిసినది, చాలామంది తొందరపడి పాడుచేసేది ఇదే. ఖర్చు లేదు. కావలసిందల్లా నిపుల్‌కి సరిపోయే రింగ్ పానా, ఒక పారదర్శకమైన గొట్టం, అడుగున కొంచెం ఆయిల్ పోసిన సీసా, పెడల్ దగ్గర కూర్చోడానికి చెప్పిన మాట చెప్పినట్టు వినే మనిషి. గొట్టం ఒక చివర నిపుల్‌కి తొడిగి, రెండో చివర సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉండేలా పెట్టాలి. మునిగి ఉంటే గాలి వెనక్కి రాదు.

కింద ఉన్న మనిషి "తొక్కు" అంటే పైన ఉన్నవాళ్లు నెమ్మదిగా, ఒకే వేగంతో అడుగు దాకా తొక్కి, "తొక్కాను" అని చెప్పి అక్కడే పట్టి ఉంచాలి. అప్పుడు నిపుల్ అరచుట్టు విప్పాలి. ఆయిలూ బుడగలూ గొట్టంలోకి వస్తాయి. నిపుల్ బిగించాకే "వదులు" అనాలి. ఆ "వదులు" అనే మాట రాకముందే పాదం లేస్తే తీసినదానికన్నా ఎక్కువ గాలి లోపలికి పోతుంది. మొదలుపెట్టే ముందే ఈ మాటలు ఇద్దరూ అనుకోండి. పాదం కింద పెడల్ తేలికైపోగానే భయపడి వదిలేస్తారు, నిపుల్ విప్పగానే పెడల్ కిందికి జారిపోతుందని ముందే చెప్పండి.

బ్రేకుతో పోలిస్తే క్లచ్‌కి రెండు తేడాలున్నాయి. గాలి ఎక్కువుంటే క్లచ్ పెడల్ దానంతటది పైకి రాదు. చేత్తో ఎత్తాలి, పూర్తిగా పైకి వచ్చేదాకా. సగంలో ఆపితే అప్పర్ సిలిండర్‌లోకి కొత్త ఆయిల్ దిగే దారి తెరుచుకోదు, మళ్లీ తొక్కినా నెట్టడానికి ఏమీ ఉండదు. రెండోది, టకటకా పంపు కొట్టకూడదు. కొడితే ఒక పెద్ద బుడగ వంద చిన్న బుడగలుగా చితికి ఆయిల్ నురగలా అవుతుంది. ఆ నురగ బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. లోపలి సిలిండర్ ఉన్న కార్లలో వేగంగా కొట్టడం ఇంకా ప్రమాదం, సిలిండర్ సీలు హద్దు దాటి బయటికి జరిగి పాడవొచ్చు.

డబ్బాలో లెవల్ మీద కన్ను ఉండాలి. నాలుగైదు తొక్కులకోసారి ఆయిల్ పోయండి. పైన డబ్బా ఖాళీ అయితే చేసిన పనంతా మళ్లీ మొదటి నుంచే.

ఈ పద్ధతి ఎక్కడ ఓడిపోతుంది? పైపు లోయర్‌కి చేరేముందు పైకి వంగి మళ్లీ కిందికి దిగే కార్లలో. ఒక తొక్కుకి కదిలే ఆయిల్ ఎంత తక్కువో పైన చెప్పాను. బుడగ ఆ వంపు దాకా దిగుతుంది, నిపుల్ మూసి పెడల్ ఎత్తేలోగా మళ్లీ పైకి తేలుతుంది. ఇలా ముందుకీ వెనక్కీ ఊగుతూ అక్కడే ఉండిపోతుంది. కింద సీసాలోకి శుభ్రమైన ఆయిలే వస్తుంది, పెడల్ మాత్రం మెత్తగానే ఉంటుంది. అలా కనిపిస్తే ఇంకో పాతిక తొక్కులు వేయించి పెడల్ దగ్గరున్న మనిషిని అలసిపోనివ్వడం అనవసరం. పద్ధతి మార్చండి.

పాత బండ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. రోజూ పాదం సగం దాకానే పోతుంటే అప్పర్ సిలిండర్ లోపలి గోడ చివరి భాగంలో తుప్పూ మట్టీ చేరతాయి. ఎయిర్ తీసేటప్పుడు అడుగు దాకా తొక్కితే సీలు ఆ గరుకు మీద రాసుకుని చినుగుతుంది. పది, పన్నెండేళ్ల బండి అయితే, ఆయిల్ నల్లగా ఉంటే నేను ఈ పద్ధతి జోలికి పోకుండా సిరంజితోనే మొదలుపెట్టమంటాను.

కింది నుంచి ఎక్కించడం

క్లచ్ వరకు నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దీని మీదే. నర్సు ఇంజక్షన్ ఇచ్చేముందు సిరంజి నిలబెట్టి, గోటితో కొట్టి గాలిని పైకి తెస్తుంది కదా, అదే సూత్రం. గాలి ఎప్పుడూ పైకే పోవాలనుకుంటుంది. పై పద్ధతిలో దాన్ని బలవంతంగా కిందికి ఈడుస్తున్నాం. ఇక్కడ అది వెళ్లాలనుకున్న దారిలోనే పంపుతున్నాం.

మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి దొరుకుతుంది. సూది అక్కర్లేదు. అక్వేరియం షాపులో దొరికే పారదర్శకమైన గొట్టం నిపుల్‌కి బిగుతుగా ఉండాలి. బిగుతు ఎక్కువైతే వేడినీళ్లలో ఒక్క నిమిషం ముంచి, తుడిచి, తడి పూర్తిగా ఆరాక తొడగండి. సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, నిలబెట్టి గాలి పోగొట్టి, గొట్టం నిండా ఆయిల్ వచ్చాకే నిపుల్‌కి పెట్టాలి. నిపుల్ అరచుట్టు విప్పి, ప్లంజర్ మెల్లగా నొక్కాలి. పైన డబ్బాలో బుడగలు తేలడం కనిపిస్తుంది. అది చూస్తే ఆ రోజంతా పడ్డ కష్టం తీరినట్టుంటుంది. సిరంజి ఖాళీ కాకముందే నిపుల్ బిగించి మళ్లీ నింపుకోండి. మూడు నాలుగు సిరంజిలు చాలు. ఒక్కరే చేసుకోవచ్చు.

ఇందులో చూసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. మొదలుపెట్టేముందు డబ్బాలోంచి సగం ఆయిల్ ఇంకో సిరంజితో తీసేయండి, లేకపోతే పొంగి ఇంజన్ మీద పడుతుంది. లోయర్‌లో పేరుకున్న నల్లటి మురికిని పైకి తోస్తే అది అప్పర్‌లోకీ, డబ్బా ఉమ్మడిదైతే బ్రేకు ఆయిల్‌లోకీ చేరుతుంది. అందుకే ముందు నిపుల్ విప్పి, ఆ మురికి ఆయిల్ కొంత కిందికి కారిపోనివ్వండి, పైన కొత్తది పోస్తూ. కింద శుభ్రమైన ఆయిల్ వచ్చాక అప్పుడు వెనక్కి ఎక్కించండి. గట్టిగా నొక్కితే గొట్టం ఊడి ఆయిల్ మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. సిరంజి లోపలి నల్ల రబ్బరు బ్రేక్ ఆయిల్‌కి ఉబ్బి బిగుసుకుంటుంది కాబట్టి రెండు సిరంజిలు కొనుక్కోండి, పని కాగానే పారేయండి.

లోయర్ బయట ఉండే కారుకి ఇంకో ఉపాయం కూడా ఉంది. సిలిండర్ బోల్టులు విప్పి, హోస్ తీయకుండానే, హోస్ తగిలించిన చోటు అన్నిటికన్నా పైన ఉండేలా వంచి పట్టుకోండి. నిపుల్ మూసే ఉంచి, పైన డబ్బా మూత తీసి, పిస్టన్‌ని బొటనవేలితో లోపలికి పూర్తిగా నొక్కండి. లోపలి ఆయిల్ గాలిని తోసుకుంటూ పైకి పోతుంది. మెల్లగా వదిలి మళ్లీ నొక్కండి. మొండి బుడగలు చాలావరకు దీనితో వచ్చేస్తాయి. సిలిండర్ విప్పి ఉండగా మాత్రం ఎవరినీ పెడల్ ముట్టనివ్వొద్దు. ఒక్క తొక్కుతో పిస్టన్ బయటికి ఎగిరిపోతుంది. పిల్లలు కారులోకి ఎక్కకుండా తలుపులు వేసే ఉంచండి.

మిగతా మూడు

ఊరికే కారనివ్వడం అన్నిటికన్నా తేలిక. డబ్బా మూత తీసి, నిపుల్ విప్పి, గొట్టం పెట్టి, ఆయిల్ చుక్కలు చుక్కలుగా దిగుతుంటే పైన పోస్తూ ఉండటమే. పైపు పై నుంచి కిందికి నేరుగా దిగే కార్లలో అరగంటలో పని అయిపోవచ్చు. వంపులుంటే బుడగ కదలదు. పాత ఆయిల్ మార్చడానికి ఇది మంచిదే, మొండి గాలికి మాత్రం కాదు.

వాక్యూమ్ పంపు చేతిలో ఉంటే ఒక్కరే చేసుకోవచ్చని చాలామంది కొంటారు. నిపుల్‌కి తగిలించి లాగితే బుడగలు వస్తూనే ఉంటాయి, ఎంతకీ ఆగవు. అవి లోపలివి కావు, విప్పిన నిపుల్ మర సందుల్లోంచి బయటి గాలి పీల్చుకోవడం వల్ల వచ్చేవి. ఆ మర చుట్టూ గ్రీజు పూస్తే కొంత తగ్గుతాయి, కానీ ఏది లోపలి బుడగో ఏది బయటిదో చెప్పడం కష్టమే. సిలిండర్ సీళ్లు లోపలి ఒత్తిడిని బయటికి పోకుండా ఆపడానికి చేసినవి. వెనక్కి లాగితే వాటి అంచు ముడుచుకుని అక్కడి నుంచి కూడా గాలి దూరొచ్చు. బ్రేకుల ఆయిల్ మార్చడానికి ఉపయోగపడే పనిముట్టే. క్లచ్ ఒక్కదాని కోసం కొనడం దండగ.

పై నుంచి ప్రెషర్ ఇవ్వడం వర్క్‌షాపుల పద్ధతి. డబ్బా మూతకి బదులు ఒక అడాప్టర్ బిగించి, ట్యాంకులోంచి ఆయిల్‌ని ఒక బార్, అంటే 15 పీఎస్ఐ దగ్గర తోస్తారు. ధార ఆగకుండా వస్తుంది కాబట్టి వంపులో దాక్కున్న బుడగని కూడా తోసుకొచ్చేస్తుంది. లోపలి సిలిండర్ ఉన్న కార్లకి ఇదే మేలైన పద్ధతి. ఇంటి దగ్గర చేసుకోవాలంటే మీ డబ్బాకి సరిగ్గా సరిపోయే మూత దొరకాలి. సరిపోని మూత ప్రెషర్‌కి ఊడితే బ్రేక్ ఆయిల్ ఇంజన్ బే అంతా, పెయింట్ మీదంతా చిమ్ముతుంది. అందుకే ఈ మెషిన్ ఉన్న గ్యారేజీ వెతుక్కుని వాళ్లతో చేయించుకోవడమే నయం. వెళ్లేముందు "క్లచ్‌కి ప్రెషర్ మెషిన్‌తో ఎయిర్ తీస్తారా, పెడల్ కొట్టి తీస్తారా?" అని ఒక్క ప్రశ్న వేయండి.

ఆయిల్, సామాను

డబ్బా మూత మీద బ్రేక్ ఆయిల్ రకం డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది. అదే పోయండి. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలోని తేమని పీల్చుకున్నాక ఆ హద్దులు 140కీ 155కీ దిగిపోతాయి. డాట్ 3 అడిగిన కారుకి డాట్ 4 పోసినా ఇబ్బంది లేదు. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, వీటితో కలవదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 కుటుంబానిదే. పేర్లు దగ్గరగా ఉండటంతో కొట్లో ఒకటి అడిగితే ఇంకొకటి చేతిలో పెట్టొచ్చు, సీలు విప్పకముందే సీసా మీద చదవండి. ఇంజన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పడకూడదు. పడితే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి, బ్రేకులవి కూడా.

అర లీటరు సీసా చాలు. నిరుడు సగం వాడి షెల్ఫులో పెట్టిన సీసా వద్దు. మూత బిగించే ఉన్నా వానాకాలం దాటిన పాత సీసాలో తేమ చేరి ఉంటుంది. ఈ పని కూడా జూలై, ఆగస్టుల్లో జల్లు పడుతుండగా తెరిచిన డబ్బాతో చేయకండి, పొడిగా ఉన్న రోజు చూసుకోండి. ఆయిల్, అప్పర్ కిట్టు, లోయర్ కిట్టు పుత్లీబౌలిలోని స్పేర్ పార్టుల కొట్లలో దొరుకుతాయి. పాత కిట్టు వెంట తీసుకెళితే సైజు తేడా రాదు. పానాలు, జాకీ స్టాండ్లు రాణీగంజ్‌లో చూడొచ్చు. నిపుల్‌కి ఓపెన్ పానా వాడితే మూలలు అరిగి గుండ్రమైపోతుంది, రింగ్ పానానే వాడండి. తుప్పు పట్టి ఉంటే ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. బిగించేటప్పుడు బలం చూపించొద్దు, అది లోపల బోలుగా ఉండే చిన్న మర, విరిగితే సిలిండరే మార్చాలి.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. బ్రేక్ ఆయిల్ కాలే సైలెన్సర్ పైపు మీద పడితే అంటుకుంటుంది. చాలా కార్లలో నిపుల్ బానెట్ పై నుంచే అందుతుంది, అప్పుడు బండి లేపే పనే లేదు. కిందికి దూరాల్సి వస్తే జాకీ స్టాండ్లు పెట్టకుండా దూరకండి. ఇటుకలు పనికిరావు, ఒక్కసారిగా పగిలిపోతాయి. సెల్లార్‌లోకి దిగే ర్యాంప్ మీద కాకుండా చదునైన చోట పెట్టి, వెనక చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి.

పెయింట్ మీద పడిన బ్రేక్ ఆయిల్‌ని గుడ్డతో రుద్దకుండా వెంటనే నీళ్లు పోసి కడగండి. ఆలస్యమైతే పెయింట్ ఉబ్బి పొరలు లేస్తుంది. ఫెండర్ మీద తడిగుడ్డ పరిచి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని మొదలుపెట్టండి. పక్కవాళ్ల కారు దగ్గరగా ఉంటే కాసేపు జరపమని అడగండి. తీసిన ఆయిల్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టొద్దు, అది విషం, రంగు చూసి పిల్లలు తాగే పానీయం అనుకుంటారు. డ్రైనేజీలో పోయకండి. మూత గట్టిగా బిగించి, మీద "బ్రేక్ ఆయిల్" అని రాసి, పాత ఇంజన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇచ్చేయండి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

పెడల్ మొదటి తొక్కుకే గట్టిగా తగలాలి, రెండో తొక్కుకి తేడా ఉండకూడదు. ఇంజన్ ఆన్ చేసి, క్లచ్ తొక్కి, రెండు మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడాలి. పైన చెప్పిన నిమిషం పరీక్ష మళ్లీ చేయండి. బ్రేక్ డబ్బా ఉమ్మడిదైతే బండి కదిలించకముందే బ్రేక్ పెడల్ కూడా తొక్కి చూడండి, మెత్తగా తగిలితే రోడ్డెక్కొద్దు.

మొదటిసారి నడిపేటప్పుడు కాలనీ లోపలే తిప్పండి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వెళ్లే 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట క్లచ్ మొరాయిస్తే పక్కకి తీసుకోడానికి చోటుండదు. మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి పెడల్ చూడండి. రాత్రంతా నిలబడితే చిన్న బుడగలు ఒకచోట చేరతాయి, పెడల్ కాస్త మెత్తబడొచ్చు. అప్పుడు ఒకట్రెండు సిరంజిలు ఎక్కిస్తే సరిపోతుంది. వారం పాటు డబ్బా మీద పెన్నుతో గీసిన గీతకి ఆయిల్ దిగకుండా ఉండి, పెడల్ అలాగే గట్టిగా ఉంటే పని పూర్తయినట్టు. గీత దిగితే లీకు మిగిలే ఉంది. అప్పుడు మళ్లీ ఎయిర్ తీయకుండా నేరుగా కిట్టు మార్పించండి.